కొత్త రంగు చేపలను నేరుగా పాత తొట్టిలో వదలవద్దు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి దుకాణాలకు రంగు చేపలు అమ్మే రైతులు కొత్త రకాల కోసం దిగుమతి చేపలను కొంటుంటారు. అమెజాన్ ప్రాంత నదుల్లో పట్టిన కార్డినల్ టెట్రా వంటివి దూర ప్రయాణంలో నీరసించి వస్తాయి. వాటి వెంట వచ్చే పరాన్నజీవులు పైకి కనిపించవు. ఒక్క సంచి చేపలతో తొట్టి మొత్తం ఖాళీ కావచ్చు.

క్వారంటైన్: కొత్త చేపలను కనీసం 4 వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. వల, బకెట్, పైపు కూడా వేరుగా వాడాలి. అవి మెత్తని నీటి చేపలు. మన బోరు నీరు కఠినం. అందుకే నీటిని కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. కుళాయి నీరైతే క్లోరిన్ పోగొట్టి వాడాలి.

తెల్లమచ్చ వ్యాధి: ఒంటిపై ఉప్పు రవ్వల్లాంటి మచ్చలు వస్తాయి. రొయ్యల తెల్లమచ్చ వైరస్ వేరు, ఇది వేరు. చర్మం లోపలున్న పరాన్నజీవిపై మందు పనిచేయదు. నీటిలో ఈదే దశలోనే చస్తుంది. కాబట్టి మచ్చలు పోయాక కూడా మరో వారం చికిత్స కొనసాగించాలి. వేడిని క్రమంగా 28-30 డిగ్రీలకు పెంచి, గాలి ఎక్కువగా ఇవ్వాలి. టెట్రాలు, పొలుసు లేని చేపలు ఉప్పును, మందును అంతగా తట్టుకోలేవు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి.

చేపలు చనిపోతే: వెంటనే తీసి, సున్నం చల్లి పాతిపెట్టాలి. ముందుగా అమ్మోనియా పరీక్షించి, కొంత నీరు మార్చాలి. కారణం తెలియకుండా మందులు కలపవద్దు. ప్రాణంతో ఉన్న జబ్బు చేపను మత్స్యశాఖ అధికారికి చూపించాలి. మిగిలిన చేపలను, తొట్టి నీటిని చెరువుల్లో వదలవద్దు.

ఆ 4 వారాలు అమ్మకం ఆగుతుందని తొందరపడితే పాత చేపలనూ పోగొట్టుకోవాల్సి వస్తుంది.