పాత ఇంటి కంప్యూటర్ల శీతలీకరణ

కంప్యూటరు పనిచేసేటప్పుడు దాని భాగాలలో పుట్టే వేడిని బయటకు పంపి, వాటిని తగిన ఉష్ణోగ్రతలో ఉంచే ఏర్పాటును శీతలీకరణ అంటారు. కంప్యూటరు పాతబడేకొద్దీ ఈ ఏర్పాటు బలహీనపడుతుంది. చెడిపోయిందని మూలన పెట్టిన కంప్యూటర్లలో కొన్నింటికి కావలసినది కొత్త భాగాలు కాదు, దుమ్ము దులపడం మాత్రమే. వేసవి ఎండ, రాతిపొడి రెండూ ఎక్కువగా ఉండే కడప జిల్లా చిలమకూరు, ఎర్రగుంట్ల వంటి చోట్ల ఈ శ్రద్ధ మరింత అవసరం.

వేడి పుట్టుక

ప్రాసెసరు వాడుకొనే విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు ఉష్ణంగా మారుతుంది. 2004లో వచ్చిన ప్రెస్కాట్ తరహా పెంటియం 4 ప్రాసెసర్లలో కొన్నింటి ఉష్ణ పరిమితి 115 వాట్లు. 2006లో వచ్చిన కోర్ 2 డుయో ప్రాసెసర్లలో చాలావాటికి ఇది 65 వాట్లు. వెలుగుతున్న 60 వాట్ల బల్బును చేతితో పట్టుకోలేము. అంతకు మించిన వేడి, సుమారు ఒక చదరపు సెంటీమీటరు సిలికాన్ ముక్కలో పుడుతుంది.

వేడి బయటకు పోయే మార్గం

ప్రాసెసరుపై పలుచగా థర్మల్ పేస్టు, దానిపై పలకలు గల లోహపు హీట్ సింక్, దానిపై ఫ్యాను ఉంటాయి. రెండు లోహ తలాల మధ్య కంటికి కనబడని గాలి సందులు ఉంటాయి. గాలి ఉష్ణానికి మంచి వాహకం కాదు కనుక ఆ సందులను పేస్టు నింపుతుంది. ఫ్యాను పలకల వేడిని గాలిలో కలుపగా, పెట్టె వెనుక ఫ్యాను ఆ గాలిని బయటకు నెడుతుంది. ఈ వరుసలో ఒక్కటి దెబ్బతిన్నా ప్రాసెసరు వేడెక్కుతుంది.

చిలమకూరు పరిసరాలలో ప్రత్యేకత

ఈ ప్రాంతం సున్నపురాతి నిక్షేపాలకు, సిమెంటు పరిశ్రమకు, నాపరాళ్ళ గనులకు, బండల పాలిష్ పనికి పేరుపొందినది. ఇక్కడ గాలిలోని సన్నని రాతిపొడి ఇంటి దుమ్ముతో, దారపు నూగుతో కలిసి పలకల మధ్య మెత్తలా పేరుకొంటుంది. అప్పుడు ఫ్యాను తిరుగుతున్నా గాలి లోనికి పోదు.

పలకలకు, చుట్టూ ఉన్న గాలికి మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత వేగంగా పోతుంది. పలకలు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నాయనుకొందాం. గది 25 డిగ్రీలుంటే తేడా 35. మే నెలలో గది 42 డిగ్రీలుంటే తేడా 18 మాత్రమే, అంటే సుమారు సగం. 2000 దశకంలో ఇంటెల్ సంస్థ పెట్టెల తయారీకి ఇచ్చిన మార్గదర్శకాలు గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు మించదనే లెక్కపై ఉన్నాయి. రాయలసీమ వేసవి ఆ లెక్కను సులభంగా దాటుతుంది.

లక్షణాలు

* ఫ్యాను శబ్దం పెరగడం, కరకరమనడం
* మధ్యాహ్నం వేళ కంప్యూటరు దానంతటదే ఆగిపోయి, చల్లబడ్డాక మళ్ళీ పనిచేయడం
* పని మందగించడం. వేడి మితిమీరితే పెంటియం 4, ఆ తరువాతి ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి.
* మదర్ బోర్డుపై కెపాసిటర్ల తలలు ఉబ్బడం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఒక స్థూల సూత్రం.

చాలా కంప్యూటర్లలో బయోస్ తెరపై ప్రాసెసరు ఉష్ణోగ్రతను, ఫ్యాను వేగాన్ని చూడవచ్చు.

శుభ్రపరచే విధానం

1. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, కొంతసేపు ఆగవలెను. పెట్టెను ఆరుబయటకు తీసుకొనిపోయి, ముక్కుకు గుడ్డ కట్టుకొని మూత తీయవలెను.
2. ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకొని మెత్తని కుంచెతో, బ్లోయరుతో దుమ్ము తీయవలెను. గాలి ఒత్తిడికి ఫ్యాను అతివేగంగా తిరిగితే దాని బేరింగు దెబ్బతినవచ్చు.
3. పలకల లోపలి దుమ్ము రాకపోతే పై ఫ్యాను విప్పి తీయవలెను. తడిగుడ్డ వాడరాదు.
4. హీట్ సింక్ తీయవలసి వస్తే, ముందు కాసేపు కంప్యూటరు నడిపి ఆపవలెను. గోరువెచ్చని పేస్టు సులభంగా వదులుతుంది. సింక్‌ను నేరుగా పైకి లాగక, మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయవలెను. లేకుంటే పాత పెంటియం 4లలో ప్రాసెసరు కూడా దానితో ఊడి రావచ్చు.
5. ఎండిన పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, పెసరగింజంత కొత్త పేస్టు పెట్టవలెను. ఎక్కువైతే మేలు లేదు.

జాగ్రత్తలు

ఎస్.ఎమ్.పి.ఎస్. డబ్బాను విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దాని దుమ్మును బయటి రంధ్రాల గుండానే తీయవలెను.

దుమ్ము పడకుండా కప్పే గుడ్డను కంప్యూటరు నడిచేటప్పుడు పూర్తిగా తొలగించవలెను. పెట్టెను నేలపై గాక జానెడు ఎత్తున, వెనుక గోడకు దూరంగా ఉంచవలెను. బల్ల అరకు తలుపు ఉంటే తెరచి ఉంచవలెను. నీటి కూలరు గదిని చల్లబరచినా, దాని తేమగాలి నేరుగా పెట్టెకు తగిలితే దుమ్ము పలకలకు అంటుకొని గట్టిపడుతుంది.

దుమ్ము ఎక్కువగా ఉన్న ఊళ్ళలో మూడు నెలలకొకసారి లోపల చూడడం మంచిది. వేసవి మొదలయ్యే ముందు, అంటే ఫిబ్రవరి, మార్చి నెలలలో, తప్పక శుభ్రపరచవలెను.