పాత సైకిల్ ఫ్రేముకు కొత్త సామాను

మనలాంటి ఇళ్లలో బదిలీ ఆర్డరు రాగానే ఏ సామాను లారీ ఎక్కాలి, ఏది పాత సామాన్లవాడికి పోవాలి అనే చర్చ మొదలవుతుంది. తాతయ్య కాలంనాటి సైకిలు ఉంటే అది రెండో జాబితాలోకే పోతుంది. "కొత్త ఊళ్లో దానికి సామాను దొరకదు" అంటారు పెద్దవాళ్లు. ఆ మాట సగమే నిజం. ఫ్రేము ఉక్కుదై, గొట్టాలను తుప్పు తినెయ్యకుండా ఉంటే, ఇవాళ బజారులో దొరికే సామాను చాలావరకు దానికి బిగించవచ్చు. ఏది సరిపోతుందో, ఏది మొరాయిస్తుందో స్కేలు, మన ఫిజిక్స్ ల్యాబులో ఉండే వెర్నియర్ కాలిపర్స్ చెప్పేస్తాయి. మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు చక్రాలు. "28 సైజు" అని షాపులో అడిగితే మోసపోతాం, ఎందుకంటే 28 అనే పేరుతో రెండు వేరు వేరు సైజులున్నాయి. టైరు పక్కన చిన్న అంకెల్లో 40-635 అనో, 37-622 అనో ఉంటుంది. రెండో అంకె టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. పాత రోడ్‌స్టరు సైకిళ్లది 635. ఇప్పటి చాలా గేరు సైకిళ్లది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా ఉన్న టైరును ఎంత బలంగా లాగినా ఎక్కదు. 26 సైజులోనూ ఇదే తంటా: 26×1⅜ అంటే 590, మౌంటెన్ బైకు 26 అంటే 559. అయితే 635 టైరు మన దేశంలో పల్లెటూరి షాపులో కూడా కొక్కేనికి వేలాడుతూ కనిపిస్తుంది. కాబట్టి టైర్ల కోసమని చక్రాలు మార్చే పని పెట్టుకోవద్దు.

అసలు చిక్కు పెడళ్ల మధ్య ఉండే గొట్టం దగ్గర, మేస్త్రీలు బి.బి. అనే చోట. క్రాంకులు యాక్సిలుకు కాటర్ పిన్నులతో బిగించి ఉంటాయి. పిన్ను తీయాలంటే క్రాంకు కింద ఒక ఇనప గొట్టాన్ని నిలబెట్టి ఆనిక ఇవ్వాలి. నట్టును మర చివరిదాకా వదులు చేసి, దాని మీద గట్టిగా ఒక్క దెబ్బ వెయ్యాలి. ఆనిక లేకుండా పది చిన్న దెబ్బలు వేస్తే పిన్ను కదలదు సరికదా, లోపల గోళీలు దొర్లే దారి పాడవుతుంది.

తర్వాత కప్పులు. చైను వైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది. అంటే గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పితే ఊడుతుంది. ఇది తెలియకే చాలామంది దాన్ని ఇంకా బిగించేస్తారు. ఇక కొత్త కప్పుల మీద సాధారణంగా ఉండేది బి.ఎస్.ఎ. మర, అంగుళానికి 24 చుట్లు. ఆ పేరు 1861లో బర్మింగ్‌హాంలో తుపాకులు చేసేవాళ్లు కలిసి పెట్టిన కంపెనీది! నాటింగ్‌హాంలో తయారైన పాత రాలీ సైకిళ్లలో మాత్రం అంగుళానికి 26 చుట్లు.

లెక్క చూద్దాం. 24 చుట్ల మరలో ఒక్కో చుట్టు మధ్య దూరం 1.058 మి.మీ. 26 చుట్ల మరలో 0.977. తేడా 0.081 మి.మీ. మాత్రమే కాబట్టి మొదటి చుట్లు హాయిగా తిరిగిపోతాయి. ఆరు చుట్లయ్యేసరికి తేడా సుమారు అర మి.మీ., అంటే సగం చుట్టు, అవుతుంది. ఒక మర గట్టు ఇంకో మర గట్టును ఢీకొంటుంది. అప్పుడు స్పానరుకు పైపు తగిలించి తిప్పితే పాత మర చెడుతుంది, ఫ్రేము పాత సామాన్లవాడికే పోతుంది. అందుకే చేత్తో తిరగనిదాన్ని స్పానరుతో తిప్పకూడదు.

మరి మర కలవకపోతే? పాత కప్పుల లోపల గుంటలు లేకపోతే వాటినే ఉంచడం మంచిదని మా అభిప్రాయం. కొత్త గోళీలు, గ్రీజు చాలు. యాక్సిలు మార్చేటప్పుడు దాని పొడవు ఒక్కటే చూడొద్దు. గోళీలు ఆనే రెండు అంచుల మధ్య దూరం కూడా పాతదానితో సరిపోవాలి. పాత మర మీదే ట్యాపుతో 24 చుట్ల మర కోసేవాళ్లున్నారు. గట్లు ఒకదాన్నొకటి నరుక్కుంటాయి కాబట్టి పట్టు తగ్గుతుంది. అది చివరి ఉపాయం. మర అక్కర్లేకుండా గొట్టం లోపల వెడల్పై బిగుసుకునే బి.బి.లు కూడా ఉన్నాయి, ఖరీదు ఎక్కువ.

వెనక చక్రం కూర్చునే చీలికల మధ్య దూరం పాత ఫ్రేముల్లో సుమారు 110 నుంచి 115 మి.మీ. గేరు చక్రం హబ్బు 130 లేదా 135 అడుగుతుంది. ఉక్కు స్థితిస్థాపక అవధి దాటితేగాని కొత్త రూపంలో నిలవదని పదకొండో తరగతిలో చదువుతాం. చేత్తో కాస్త లాగి వదిలితే వెనక్కి వచ్చేది అందుకే. పక్కకు మూడేసి మిల్లీమీటర్లు వంచడం అనుభవమున్న మేస్త్రీకి మామూలు పని. పన్నెండేసి వంచమని మాత్రం మేము చెప్పం. ఫ్రేముకు తగ్గ హబ్బు వెతకడమే తేలిక. వంచాక హ్యాండిల్ గొట్టం చుట్టూ దారం తిప్పి రెండు చివర్లను రెండు చీలికలకు కట్టండి. సీటు గొట్టానికి, దారానికి మధ్య దూరం రెండు వైపులా సమానంగా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. గ్యాస్ మంటతో వేడి చేసి వంచుతానంటే ఒప్పుకోకండి, ఆ గొట్టాల అతుకుల్లో ఉండేది ఇత్తడి. అల్యూమినియం ఫ్రేమును అసలు వంచకూడదు, పగులుతుంది.

బ్రేకుల సంగతి. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్మును లోపలి వైపు నుంచి నొక్కుతాయి. ఆ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి కేబుల్ బ్రేకు రబ్బరుకు అక్కడ పట్టు దొరకదు. కేబుల్ బ్రేకు కావాలంటే పక్కలు చదునుగా ఉండే 622 రిమ్ము వెయ్యాలి. అప్పుడు బ్రేకు చేతులు మరో 6.5 మి.మీ. కిందికి అందాలి, అంటే పొడవు చేతుల బ్రేకు కొనాలి. ఫోర్కులో బోల్టుకు రంధ్రం ఉందో లేదో కొనకముందే చూసుకోండి.

అంతా బిగించాక మొదటి రోజు రోడ్డు మీదికి వెళ్లొద్దు. క్వార్టర్సు ఆవరణలోనే నెమ్మదిగా తొక్కి, తర్వాత కాటర్ పిన్ను నట్లు, చక్రం నట్లు మళ్లీ బిగించండి. కొత్త కాటర్ పిన్ను సర్దుకుని కూర్చోవడానికి కొన్ని కిలోమీటర్లు పడుతుంది. ఆ లోపల నట్టు ఒకసారైనా వదులవుతుంది.