కల్లులోని నురుగు, పోయిన తీపి

గీతవాడు ప్రాతఃకాలమున చెట్టుదించిన లొట్టిలోని రసము తియ్యగా నుండును. ఎండ యెక్కుకొలది అది పొంగి, నురుగు గట్టి, నాలుకకు చురుక్కుమనును. సాయంకాలమునకు తీపి విరిగి పులుపెక్కును. ఆ తీపి యెక్కడికి పోయినది, ఆ నురుగు ఎక్కడినుండి వచ్చినది అని రైతులు మమ్ము పలుమారు అడిగియున్నారు. ఈ రెండు ప్రశ్నలకును సమాధాన మొక్కటియే.

తాటిరసమున, ఈతరసమున నూటికి ఇంచుమించు 10 మొదలు 15 పాళ్ళ చక్కెర కలదు. గాలినుండియు, పాతలొట్టినుండియు ఈస్టు అను సూక్ష్మజీవులు దానిలో చేరును. ఇవి చక్కెరను తిని, దానిని మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను విడగొట్టును. 100 తులముల చక్కెర యిట్లు మారినచో సుమారు 51 తులములు మద్యసారమును, 49 తులములు వాయువును అగును. ఆ వాయువే నురుగు. పులియుట ప్రాణముగల సూక్ష్మజీవుల పని యని 1857లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు వెల్లడించెను.

ఆ ఫ్రాన్సు దేశముననే షాంపేన్ అను సీమ కలదు. అచ్చట చిన్న ద్రాక్షతోటలు గల పెక్కు కుటుంబములవారు తమ పండ్లతో తామే నురుగు ద్రాక్షసారా చేసికొందురు. మొదట పండ్లరసమును తొట్లలో పులియనిత్తురు. అప్పుడు పుట్టిన వాయువు గాలిలో కలిసిపోవును. పిదప దానిని మందపు గాజుసీసాలలో నింపి, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెరయు కొంచెము ఈస్టును చేర్చి, మూత బిగించుదురు. ఈ పర్యాయము వాయువునకు దారి లేదు గావున అది ద్రవముననే కరిగి నిలుచును. ఆ సీసాలోని ఒత్తిడి మోటారుకారు చక్రములోని గాలికి రెండింతలకు మించును. ఈస్టు చక్కెరనంతయు తినివేయుటచే ఆ సారా తియ్యగా నుండదు. మరల తీపి చేర్చక, లేక మిక్కిలి కొంచెముగా చేర్చి అమ్ము దానిని 'డ్రై' రకమందురు.

మన కల్లును నురుగు పానీయమే. అయితే అది మూతలేని లొట్టిలో పులియును గావున వాయువు నిలువదు. అందు మద్యసారము నూటికి 4, 5 పాళ్ళకు చేరును. ఆపై గాలి తగులుటచే వేరొక జాతి సూక్ష్మజీవులు ఆ సారమును పులుసుగా మార్చును. పచ్చికల్లును సామాన్యపు సీసాలో పోసి మూత బిగించరాదు. సీసా పగిలి కన్నులు పోవు ప్రమాదము కలదు.

ఇక ముఖ్యవిషయము. తీపి పోయిననే నురుగు వచ్చును. రెండును నిండుగా నుండుట ప్రకృతికి విరుద్ధము. సాయంకాలపు కల్లు అతిగా తియ్యనై, రెండు గ్రుక్కలకే మత్తెక్కించినచో అందు చెట్టు రసము తక్కువ, మందు ఎక్కువ యని శంకింపవలెను. క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలాము అను నిద్రమందులును, తీపికై శాకరినును కలుపువారున్నారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు వలన ప్రాణములు పోయినవి. రుచిలో అనుమానము కలుగకున్నను కల్లు మంచిదని నమ్మరాదు. మందును నిశ్చయముగా కనిపెట్టునది రసాయన పరీక్షయే. అట్టి కల్లునకు అలవాటుపడినవాడు దానిని హఠాత్తుగా మానినచో వణకును, పిచ్చిమాటలాడును, మూర్ఛపోవును. దానిని దయ్యమనుకొని కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

తీపిని నిలుపుకొను ఉపాయము మన పెద్దలకు తెలిసినదే. లొట్టిలోపల సున్నము పూసినచో ఈస్టు పని మందగించును, రసము నీరాగా దిగును. దానిని వెంటనే కాచినచో తాటిబెల్లమగును. 2023లో హైదరాబాదున హుస్సేనుసాగరపు టొడ్డున నీరా అమ్ము కేంద్రమును ప్రభుత్వము తెరచెను.

గట్లపై తాళ్ళు, ఈదులు గల రైతులును, గీత సహకారసంఘ సభ్యులును ఈ మూడు మాటలు మరువకుందురుగాక: దించిన గడియ తెలిసిన కల్లే కొనవలెను, సంఘపు దుకాణమున కలిగిన అనుమానమును సభలో అడుగవలెను, తీపి కావలసినచో సున్నపు లొట్టి కట్టవలెను. చెట్టు మోసము చేయదు. లొట్టి దిగిన పిమ్మట జరుగుదానిని కనిపెట్టుట మన పని.