కల్లం నుంచి బరికి: కృష్ణా డెల్టా సంక్రాంతి

సూర్యుడు మకరరాశిలోకి ప్రవేశించే రోజు మకర సంక్రాంతి. కృష్ణా డెల్టాలో దీన్ని పెద్దపండగ అంటారు. ముందు రోజు భోగి, మర్నాడు కనుమ, ఆ మర్నాడు ముక్కనుమ. సూర్యుడు మేషంలోకి మారే ఏప్రిల్ నడుమ థాయిలాండ్ ప్రజలు చేసుకునే కొత్త సంవత్సరం పండగ సొంగ్‌క్రాన్‌కూ ఈ సంక్రాంతి నుంచే పేరు వచ్చింది. ఇక్కడ పంట, అక్కడ నీళ్లు. తీరు వేరైనా రెండు చోట్లా ఇవాళ ఒకే తగవు నడుస్తోంది: పండగలో ఆచారం ఎంత మిగిలింది, జల్సా ఎంత పెరిగింది అని. విజయవాడ చుట్టుపక్కల ఈ తగవు ఏటా కోడిపందేల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. నిజానికి మార్పు అంతకంటే లోతున జరిగింది. పంట ఇంటికి చేరే తీరు మారడంతో పండగ స్వరూపమే మారిపోయింది.

ఈ పండగ వెనక ఉన్నది కాలవ నీరు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఆ తరవాత రెండు దశాబ్దాలకు, ఆర్థర్ కాటన్ చొరవతో విజయవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట పని మొదలైంది. 1852లో మొదలైన ఆ కట్టడం 1855కి పూర్తయింది. దాదాపు వందేళ్లు నిలిచి 1952లో గండి పడితే, దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. ఈ కాలవల కింద సార్వా వరి జులై, ఆగస్టుల్లో నాట్లు పడి నవంబరు, డిసెంబరు నాటికి కోతకొస్తుంది. కోతకు కొద్ది రోజుల ముందే తడి ఆరని చేలో మినుములు చల్లేవారు. వరి కోసి, పనలు ఎండాక కట్టలు కట్టి, కుప్పలు వేసి, నూర్పిడి చేసేసరికి ధనుర్మాసం నడుస్తుండేది. అంటే సంక్రాంతి నాటికి ఇంట్లో కొత్త ధాన్యం, చేలో పచ్చటి మినప చేను, చేతికి కాస్త తీరిక. మూడూ ఒకేసారి కలిసొచ్చే రోజులు డెల్టా రైతుకు ఏడాదిలో ఇవే.

పాత సంక్రాంతిని అర్థం చేసుకోవాలంటే కల్లం దగ్గర నిలబడి చూడాలి. నూర్చిన ధాన్యం రాశి పోశాక ఇంటికి తోలే లోపలే అందులోంచి పంపకాలు జరిగేవి. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, ఇలా ఏడాదంతా ఊరికి పని చేసిన వాళ్లకు వాళ్ల మేర కొలిచి ఇచ్చేవారు. మిగిలింది గాదెల్లోకి, పురుల్లోకి చేరేది. వాకిట్లోకి ఎవరొచ్చినా చేట నిండా ధాన్యం తెచ్చి పోయడానికి ఇంటి ఇల్లాలు వెనకాడేది కాదు. హరిదాసులు, గంగిరెద్దుల వాళ్లు, బుడబుక్కల వాళ్లు, జంగమదేవరలు సరిగ్గా ఈ నెలలోనే ఊళ్లు తిరగడానికి కారణం ఇదే. అది ముష్టి కాదు. పాడినందుకు, ఆడించినందుకు, దీవించినందుకు పంటలోంచి అందే వాటా. ఈ వాటాలు అందరికీ సమానమని చెప్పలేం. కోతలు కోసి నూర్పిళ్లు చేసిన కూలీలకు దక్కింది వాళ్ల చెమటకు ఎప్పుడూ తక్కువే. అయినా పండగ పూట ఏ గడపలోనూ గింజ లేకుండా ఉండకూడదనే పట్టింపు ఊళ్లో ఉండేది.

హరిదాసు పద్ధతి చూస్తే ఆ వాటాకున్న మర్యాద తెలుస్తుంది. ధనుర్మాసం నెలంతా తెల్లవారకముందే స్నానం చేసి, తిరునామం దిద్దుకుని, తలపాగా మీద గుమ్మడికాయ ఆకారంలో ఉండే రాగి పాత్ర పెట్టుకుని బయల్దేరతాడు. దాన్ని అక్షయపాత్ర అంటారు. ఒక చేత తంబుర, మరో చేత చిడతలు, కాళ్లకు గజ్జెలు. నోట హరినామమే తప్ప మాట ఉండదు. ఇల్లు చేరేదాకా ఆ పాత్రను నేల మీద దించడు. బియ్యం పోయాలంటే ఆయనే ముగ్గు వేసిన వాకిట్లో మోకాలు వంచి తల దించుతాడు. పిల్లలకు కూడా చెయ్యి అందుతుంది. పసిపిల్లల చేత దోసిళ్లతో బియ్యం పోయించడం అందుకే అలవాటైంది. ఇవాళ డెల్టాలో కనిపించే హరిదాసుల్లో కొందరు స్కూటరు మీద వస్తున్నారు. పాత్రను బండికి అమర్చుకుని, కీర్తన స్పీకరులో వినిపిస్తూ వీధులు చుట్టేస్తారు. చూసి నొచ్చుకునేవాళ్లున్నారు. గడపలు దూరమై, ఇచ్చే చేతులు తగ్గిన చోట అదే దారిలో ఇంకా నిలబడి ఉండటానికి అతను వెతుక్కున్న ఉపాయం అది. తప్పు పట్టాల్సింది అతన్ని కాదు.

కల్లం ఎందుకు పోయిందంటే, కోత మిషన్లు వచ్చాక దానితో పని తగ్గింది. యంత్రం చేలోనే కోసి, నూర్చి, ధాన్యాన్ని ట్రాక్టరులో పోస్తుంది. అక్కణ్ణించి అది నేరుగా మిల్లుకో, కొనుగోలు కేంద్రానికో వెళుతుంది. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. పురి కట్టే ఇల్లు అరుదైపోయింది, తినే బియ్యం రైతు కూడా బస్తాల్లో కొంటున్నాడు. చేటెడు ధాన్యం పోసే చేతికి ఇప్పుడు పది రూపాయల నోటు తీయడం భారంగా తోస్తుంది. ధాన్యం ఎదురుగా ఉంటే పంచబుద్ధి పుడుతుంది, ఖాతాలోని అంకెకు ఆ గుణం లేదు. మరో పక్క, కైకలూరు ప్రాంతంలో వరిచేలు చేపల చెరువులయ్యాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాదుకు, బెంగళూరుకు, అమెరికాకు వెళ్లారు. చాలా ఊళ్లలో ఇప్పుడు సంక్రాంతి అంటే పంట వచ్చే రోజు కంటే పిల్లలు వచ్చే రోజు. పండగకు ముందు హైదరాబాదు-విజయవాడ రహదారి మీద టోల్‌గేట్ల దగ్గర బారులు తీరే కార్లే దానికి సాక్ష్యం. వచ్చేవాళ్ల దగ్గర డబ్బుంది, సెలవు మాత్రం మూడు రోజులే. నెల రోజుల పాటు మెల్లగా నడిచిన పండగను వాళ్లు ఆ మూడు రోజుల్లో చూసెయ్యాలి. కోడిపందేల బరి దగ్గర దొరికేది సరిగ్గా అలాంటి వేడుకే.

కోడిపందెం కొత్తదేమీ కాదు. పన్నెండో శతాబ్దపు పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య జరిగిన కోడిపందెంలో ఓడిన పక్షం ఏడేళ్లు వలస వెళ్లాల్సి వచ్చిందని చెబుతారు. కాకతీయుల ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలోనూ కోడిపందేలున్నాయి. ఏ పక్షంలో, ఏ వారం, ఏ రంగు కోడి గెలుస్తుందో, దాన్ని ఏ దిక్కు నుంచి వదలాలో చెప్పే కుక్కుట శాస్త్రాన్ని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈకల రంగును బట్టే పేర్లు: ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. ఇవి కాక నెమలి, పర్ల, సవల, కౌజు, రెండేసి రంగులు కలిసిన కాకిడేగ, కాకినెమలి. పందెం పుంజును నెలల తరబడి పెంచుతారు. బాదం, జీడిపప్పు, మాంసం కైమా పెడతారు, దమ్ము పెరగడానికి నీళ్లలో ఈత కొట్టిస్తారు. పుంజు ఒంటి మీద చెయ్యి వేసి దాని బిగువు చెప్పగల పెంపకందార్ల నేర్పు సామాన్యమైంది కాదు. ఆ నేర్పును గౌరవించవచ్చు. ఆ నేర్పంతా చివరికి కాలికి కత్తి కట్టి వదిలాక నిమిషాల్లో ముగిసిపోవడం మాత్రం గౌరవించదగింది కాదు. కత్తి కట్టకుండా వదిలే పందెం కూడా ఉంది. అందులో పుంజు బలమూ ఓపికా తేలతాయి, చాలాసేపు సాగుతుంది. పెద్ద డబ్బుకు అంత ఓపిక లేదు, అందుకే కత్తిదే రాజ్యమైంది.

గన్నవరం, కంకిపాడు, బాపులపాడు మండలాల్లో ఇప్పటి బరులు చూస్తే పాత పందెంతో పోలికే దొరకదు. పొలం చదును చేసి, కంచె కట్టి, చుట్టూ షామియానాలు వేస్తారు. రాత్రిళ్లూ ఆగకుండా ఫ్లడ్‌లైట్లు, వెనక ఉన్నవాళ్లకు కనిపించేలా ఎల్‌ఈడీ తెరలు, బిర్యానీ కొట్లు, కార్లు నిలిపేందుకు వేరే చేను. పుంజుల బరి ఒకటైతే దాని పక్కన గుండాట, పేకాట టెంట్లు ఎక్కువ. ఆరు బొమ్మల గుడ్డ మీద డబ్బు పెట్టి పాచికలు వేసే గుండాటకు శాస్త్రం లేదు, పెంపకం లేదు, సంప్రదాయం అసలే లేదు. కోడి మీద పందెం కాసే స్తోమత లేని కూలీలు, ఆటోవాళ్లు, కుర్రవాళ్లు పండగ డబ్బు పోగొట్టుకునేది అక్కడే. సంప్రదాయమని వాదించేవాళ్లు ఈ టెంట్ల సంగతి ఎత్తరు. కత్తులు మనుషుల ప్రాణాలూ తీశాయి. 2023 సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో పందెం కోళ్ల కత్తి తగిలి ఇద్దరు చనిపోయారు.

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా లేదు. జంతువులను పోట్లాటకు పురిగొల్పడాన్ని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం నేరంగా చెప్పింది. పందెం డబ్బుకు 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టం వర్తిస్తుంది. 2014 మే 7న జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువుల పోట్లాటలన్నిటినీ తప్పుపట్టింది. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను అడ్డుకోవాలని అధికారులను ఆదేశించింది. తమిళనాడు 2017లో చట్టసవరణ తెచ్చి జల్లికట్టుకు దారి చేసుకుంది, 2023 మే 18న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. కోడిపందేలకు ఇక్కడ అలాంటి సవరణ లేదు. అయినా భోగి ముందు రోజు దాకా పోలీసు హెచ్చరికలు, తనిఖీలు, కత్తుల స్వాధీనాలు. భోగి మధ్యాహ్నానికి బరుల్లో జనం. ఊరి పెద్దలూ నాయకులూ ముందు వరసలో కూర్చున్న చోట కానిస్టేబులు ఏం చెయ్యగలడు? ఏటా మూడు రోజులు చట్టం కళ్లు మూసుకుంటుందని డెల్టాలో పిల్లలకు కూడా తెలుసు. పుంజుకు జరిగే హాని ఎంతో, పిల్లలు నేర్చుకునే ఈ పాఠం చేసే హాని కూడా అంతే.

థాయిలాండ్ అనుభవం ఇక్కడ కొంత పనికొస్తుంది. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సాగే సొంగ్‌క్రాన్‌లో పొద్దున బౌద్ధాలయానికి వెళ్లి భిక్షువులకు ఆహారం సమర్పిస్తారు, బుద్ధ విగ్రహాలకు నీళ్లతో అభిషేకం చేస్తారు, ఆలయ ప్రాంగణంలో ఇసుకతో చైత్యాలు కడతారు. ఇంట్లో పెద్దల అరచేతుల్లో సుగంధ జలం పోసి దీవెన తీసుకుంటారు. అదే రోజు బ్యాంకాక్‌లోని సీలోమ్, ఖావో సాన్ వీధుల్లో నీళ్ల తుపాకులతో, హోరెత్తే సంగీతంతో పర్యాటకులూ స్థానికులూ తడిసి ముద్దవుతారు. తాగి బండ్లు నడపడం వల్ల ఆ సెలవుల్లో ప్రమాదాలు ఎంతగా పెరుగుతాయంటే, ప్రభుత్వం వాటిని ఏడు ప్రమాదకర దినాలుగా లెక్కగట్టి ప్రత్యేక నిఘా పెడుతుంది. 2023 డిసెంబరులో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో సొంగ్‌క్రాన్‌ను చేర్చింది. అక్కడి వీధి జల్సా, ఎంత ముదిరినా, పెద్దల చేతిలో పోసే నీళ్ల నుంచి పుట్టిందే. డెల్టా బరికి భోగి మంటతోగానీ కనుమ నాటి పశువుల పూజతోగానీ అలాంటి బంధుత్వం లేదు. పండగ సెలవుల్ని వాడుకుంటుంది, అంతే.

పండగలో మిగిలినవి ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో మిగిలాయి. ధనుర్మాసం మొదలైన రోజు నుంచీ వాకిట్లో ముగ్గు, సంక్రాంతి నాడు రథం ముగ్గు అపార్టుమెంట్లలోనూ కనిపిస్తాయి. భోగి సాయంత్రం పసిపిల్లల తల మీద రేగుపళ్లు, చిల్లర, పూలరెక్కలు కలిపి పోసే పేరంటం తగ్గకపోగా పెరిగింది. గొబ్బెమ్మలకు ఆవుపేడ దొరకడమే కష్టమైంది. పిడకల దండలు భోగికి ముందు సంచుల్లో పెట్టి దుకాణాల్లో అమ్ముతున్నారు. అరిసెలది మరో కథ. బియ్యం నానబెట్టి, వార్చి, తడి ఆరకముందే పిండి కొట్టించాలి. బెల్లం పాకం ఉండ కట్టే అదను చూసి దించాలి, ఒకరు పిండి పోస్తుంటే మరొకరు ఆపకుండా కలియబెట్టాలి. పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతైతే నూనెలో విడిపోతుంది. నలుగురు ఆడవాళ్లు చేరితేగానీ తెమలని పని కాబట్టి వీధిలో వంతులు వేసుకుని ఒకరి ఇంటి తరవాత ఒకరి ఇంట్లో వండేవారు. ఇప్పుడు విజయవాడ మిఠాయి దుకాణాల్లో కిలోల లెక్కన దొరుకుతున్నాయి, విమానాల్లో అమెరికాకూ వెళుతున్నాయి. ఊళ్లలో కొందరు ఆడవాళ్లకు ఈ పిండివంటలే జీవనోపాధి అయ్యాయి. డబ్బు చేరిన ప్రతి చోటా పండగ చెడలేదనడానికి ఇది మంచి ఉదాహరణ.

కాలేజీలు, అపార్టుమెంటు సంఘాలు జరిపే సంక్రాంతి సంబరాల్లో గంగిరెద్దును, హరిదాసును పిలిపించి, పారితోషికం ఇచ్చి, వేదిక ముందు ఆడిస్తున్నారు. అక్కడ బియ్యం పోసే గడప ఉండదు, ఫొటో దిగే గడ్డివాము ఉంటుంది. అయినా ఆ కళాకారుల ఇళ్లకు పండగ నెలలో నాలుగు రాళ్లు చేరే దారుల్లో అదొకటి. ఇళ్ల ముందుకు వచ్చేవాళ్లకు కూడా సన్నాయి మోత వినిపించగానే తలుపు తెరిచే ఇళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆ రాబడి చాలని కుటుంబాల్లో పిల్లలు ఎద్దును అమ్మేసి కూలికో, నగరంలో వేరే పనికో వెళుతున్నారు. కోడిపందేల అనుమతి కోసం ప్రతి జనవరికీ కోర్టు మెట్లెక్కేవాళ్లున్నారు. గంగిరెద్దుల వాళ్ల తరఫున అలా వెళ్లేవాళ్లు కనిపించరు.