మీ కంప్యూటరు కూడా దాత కాగలదు!

రక్తదానం గురించి మీకు తెలుసు. నేత్రదానం గురించీ వినే ఉంటారు. మరి ఇంట్లోని కంప్యూటరు తీరిక సమయాన్ని వైద్య పరిశోధనకు దానం చేయవచ్చని ఎప్పుడయినా విన్నారా?

పిల్లల చదువుకనో, ఆఫీసు పనికనో కొన్న కంప్యూటరు రోజులో చాలాసేపు ఊరికే పడి ఉంటుంది. మీరు ఉత్తరం టైపు చేస్తున్నప్పుడు కూడా దాని శక్తిలో కొద్ది భాగమే ఖర్చవుతుంది. మిగిలిన శక్తిని శాస్త్రజ్ఞులు వాడుకునే పద్ధతి పాతికేళ్ళకు పైగా ఉంది. ఒక పెద్ద లెక్కను చిన్న చిన్న ముక్కలు చేసి ఇంటర్నెట్ ద్వారా వేలాది ఇళ్ళకు పంపుతారు. ఒక్కొక్క కంప్యూటరు తన ముక్క పూర్తిచేసి జవాబు తిరిగి పంపుతుంది. పెళ్ళివారింట్లో పదిమందీ కూర్చుని కూరలు తరిగినట్లన్నమాట!

వీటిలో వైద్యానికి సంబంధించి పేరున్నది ‘ఫోల్డింగ్ ఎట్ హోమ్’. 2000 అక్టోబరులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే బృందం దీన్ని ప్రారంభించింది.

ఏమిటా లెక్కలు?

మన శరీరంలో పనులన్నీ చేసేవి ప్రోటీన్లు. ప్రోటీను అంటే పూసల గొలుసు వంటిది. పూసలు ఇరవై రకాలు. వాటినే ఎమైనో ఆమ్లాలు అంటారు. ఈ గొలుసు తనంత తాను మడతలు పడి ఒక ఆకారానికి వస్తుంది. ఆకారం సరిగా ఉంటేనే తాళానికి తగ్గ తాళంచెవిలా పని చేస్తుంది.

పూస మారితే ఏమవుతుంది? మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో కనిపించే సికిల్ సెల్ జబ్బే ఉదాహరణ. హిమోగ్లోబిన్‌లో 146 పూసల గొలుసు ఒకటి ఉంది. అందులో 6వ పూస ఒక్కటి మారడంతో ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయి. మడత తప్పితే ఏమవుతుంది? అల్జీమర్స్ జబ్బులో కొన్ని ప్రోటీన్లు ఆకారం తప్పి, చిక్కుపడిన దారంలా ఒకదానికొకటి అంటుకుని మెదడులో పేరుకుంటాయి.

ప్రోటీను ఎలా కదులుతుందో కంప్యూటరుతో లెక్క కట్టాలంటే, సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగం కంటె తక్కువ వ్యవధికి ఒకసారి ప్రతి పరమాణువూ ఎక్కడున్నదో లెక్కించాలి. ఒక్క యంత్రం వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇంతమంది సాయం.

ఫలితం ఏమయినా ఉందా?

ఉంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు లక్షలమంది తమ కంప్యూటర్లను ఈ పనికి ఇచ్చారు. అన్నీ కలిసి సెకనుకు చేసిన లెక్కలు 1 పక్కన 18 సున్నాలు పెట్టినంత సంఖ్యను దాటాయి! అప్పటికి ఏ ఒక్క సూపర్ కంప్యూటరుకూ అంత వేగం లేదు. వైరస్ మీది ముల్లు వంటి ప్రోటీను ఎంత వెడల్పుగా నోరు తెరుస్తుందో ఆ లెక్కల్లో కనిపించింది. మందు అణువు పట్టుకోవడానికి వీలుండే మరుగు సందులు వైరస్ ప్రోటీన్లలో 50కి పైగా బయటపడ్డాయి. 2021లో ఈ వివరాలు ప్రచురించారు.

ఇంట్లో రోగికి మేలు జరుగుతుందా?

ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. ఈ ప్రోగ్రాములో అల్జీమర్స్, కాన్సర్ అంటూ మీకు కావలసిన జబ్బును ఎంచుకునే వీలుంది. అమ్మకో, నాన్నకో ఆ జబ్బుంటే రాత్రింబగళ్ళు కంప్యూటరు నడపాలని మీకు అనిపించడం సహజమే. కాని ఇది పరిశోధన. మందు కాదు. ఇవాళ దొరికిన సమాచారం మందుగా మారి, పరీక్షలు దాటి దుకాణానికి రావడానికి ఏళ్ళు పడుతుంది. చాలావరకు రాకనూ పోవచ్చు.

కాబట్టి పెద్దవారికి మతిమరుపు వస్తే ముందు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వీటికి చికిత్స ఉంది. ‘వయసు వల్లలే’ అని వదిలేయకండి.

దాతకూ పరీక్ష ఉంది

రక్తం ఇచ్చేముందు దాత బరువు, హిమోగ్లోబిన్ చూస్తారు కదా! కంప్యూటరు విషయంలోనూ అంతే. ఈ సంగతులు చూసుకోండి.

కరెంటు ఖర్చు: 200 వాట్లు తీసుకునే కంప్యూటరు 5 గంటలు నడిస్తే ఒక యూనిట్. నెలకు 30 యూనిట్లు. రోజంతా నడిస్తే నెలకు 144 యూనిట్లు! స్లాబు దాటితే యూనిట్ ధర కూడా పెరుగుతుంది. పొదుపుగా గడిచే సంసారంలో ఇది చిన్న విషయం కాదు.

వేడి: ఆ 200 వాట్లూ చివరకు గదిలో వేడే అవుతాయి. పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు వెలిగించినట్లే. వేసవిలో పసిపిల్లలు, వృద్ధులు ఉండే గదిలో వద్దు.

నిద్ర: పని ఎక్కువయితే ఫాను హోరుమంటుంది. పడకగదిలో రాత్రిళ్ళు నడిపి మీ నిద్ర పాడుచేసుకోకండి.

లాప్‌టాప్: సన్నని లాప్‌టాప్‌లకు ఈ బరువు పనికిరాదు. నడిపినా పరుపు మీద పెట్టవద్దు. బాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే వెంటనే ఆపి మెకానిక్‌కు చూపించండి.

అనుమతి: ఆఫీసు, కాలేజీ కంప్యూటర్లలో అడగకుండా ఎక్కించకండి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక కాలేజీ ఉద్యోగి ఇటువంటి ప్రోగ్రామునే అనుమతి లేకుండా ఎక్కించి, కేసులో చిక్కుకుని, 2002లో డబ్బు కట్టవలసి వచ్చింది.

మోసం: ప్రోగ్రామును ఆ సంస్థ సొంత వెబ్‌సైటు నుంచే తీసుకోండి. దీనికి మీరు డబ్బు కట్టనక్కరలేదు. బాంకు వివరాలు ఎవరడిగినా ఇవ్వకండి.

ఎలా మొదలుపెట్టాలి?

‘కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడే నడువు’ అని ప్రోగ్రాముకు చెప్పే ఏర్పాటు ఉంది. దాన్ని ఎంచుకుని, ప్రాసెసరులో సగం శక్తి మాత్రమే కేటాయించండి. నెల రోజులు నడిపి కరెంటు బిల్లు చూడండి. కరెంటు పోయినా భయం లేదు. మధ్యమధ్య లెక్కను దాచుకుంటుంది కనుక ఆగిన చోటి దగ్గరలోనే మళ్ళీ మొదలవుతుంది. అయితే ప్రతి ముక్కకూ గడువుంటుంది. గడువు దాటితే ఆ పని ఇంకొకరికి వెళుతుంది. కాబట్టి వారానికి ఒకసారి పది నిమిషాలు నడిపే ఉద్దేశమయితే మొదలుపెట్టకపోవడమే మంచిది.

శరీరం బలహీనంగా ఉన్నవారిని రక్తం ఇవ్వమని ఏ డాక్టరూ అడగడు. మీ బిల్లుకు, మీ గదికి, మీ నిద్రకు ఇబ్బంది లేకపోతే సంతోషంగా ఇవ్వండి. ఇబ్బంది అనిపిస్తే సంకోచం లేకుండా ఆపేయండి. ఆ డబ్బుతో ఇంట్లో పెద్దవారికి ఒకసారి రక్తపరీక్ష చేయించినా అది మంచి పనే.