జవాన్‌కు బుల్లెట్ తగిలితే ఆపరేషన్ చేసేది ఎవరు? ఆర్మీ సర్జన్ కావాలంటే దారేది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆర్మీ అంటే కొత్త మాట కాదు. తెల్లారకముందే గ్రౌండ్‌లో పరుగులు తీసే కుర్రాళ్లు, సెలవుకి ట్రంకు పెట్టెతో దిగే జవాన్లు, ఫోన్ రాకపోతే నిద్రపట్టని అమ్మలు.. చాలా ఊళ్లలో ఇది మామూలే. బోర్డర్‌లో కాల్పులు అని టీవీలో స్క్రోలింగ్ రాగానే ముందు గుండె జారేది ఈ ఇళ్లలోనే.

అయితే ఆ ఇళ్లలో కూడా చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గాయపడిన జవాన్‌ను ఆ తర్వాత ఎవరు చూస్తారు? ఆపరేషన్ ఎక్కడ జరుగుతుంది? ఆ డాక్టర్‌కి అసలు ఆ పని ఎవరు నేర్పారు?

మొదట చెయ్యి వేసేది డాక్టర్ కాదు. పక్కనే ఉన్న తోటి జవాన్. ప్రతి సైనికుడి దగ్గరా ఫీల్డ్ డ్రెస్సింగ్ అని చిన్న కట్టు ప్యాకెట్ ఉంటుంది. దాంతో గాయం మీద గట్టిగా నొక్కి కట్టేస్తాడు. చెయ్యో కాలో తెగి రక్తం ఆగకపోతే పైన టోర్నికెట్ బిగిస్తాడు. ఎన్ని గంటలకు బిగించాడో రాసి పెట్టాలి. ఎందుకంటే గంటలు గడిచేకొద్దీ కింద కండ చచ్చిపోతుంది. తర్వాత చెయ్యి వేసే డాక్టర్‌కి ఆ టైమ్ తెలిసి తీరాలి.

అక్కడి నుంచి రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్‌కు తెస్తారు. ఇక్కడ ఉండేది రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్. తరచుగా పాతికేళ్లు దాటిన కుర్ర కెప్టెన్, ఎంబీబీఎస్. ఊపిరి ఆడేలా చూడటం, రక్తం ఆపడం, సెలైన్, నొప్పికి ఇంజెక్షన్, వెంటనే వెనక్కి పంపడం. ఆ వెనకాల అడ్వాన్స్‌డ్ డ్రెస్సింగ్ స్టేషన్, ఆ తర్వాత ఫార్వర్డ్ సర్జికల్ సెంటర్. సర్జన్ కత్తి పట్టేది ఇక్కడే. టెంటులోనో బంకర్‌లోనో ఒక టేబుల్, ఒక మత్తు డాక్టర్, కొందరు సహాయకులు. పూర్తి స్థాయి చికిత్స బేస్ హాస్పిటల్‌లో, కమాండ్ హాస్పిటల్‌లో జరుగుతుంది. కశ్మీర్‌లో గాయపడిన వాళ్ల వార్తల్లో మీరు వినే శ్రీనగర్ 92 బేస్ హాస్పిటల్ అలాంటిదే. హెలికాప్టర్ దిగగలిగితే మధ్య మెట్లు దాటేసి నేరుగా అక్కడికే తెచ్చేస్తారు.

ఇన్ని మెట్లు ఎందుకంటే, చావులు ఎక్కువగా హాస్పిటల్‌కి చేరకముందే జరుగుతాయి. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో 2001 నుంచి 2011 వరకు చనిపోయిన 4,596 మంది అమెరికా సైనికుల రికార్డులను అక్కడి ఆర్మీ డాక్టర్లు ఒక్కొక్కటిగా పరిశీలించారు. దాదాపు 87 శాతం మంది సర్జన్ దాకా రాకుండానే ప్రాణం వదిలారు. అలా దారిలో పోయిన వాళ్లలో సుమారు నాలుగో వంతు మందిని కాపాడే అవకాశం ఉండేదని తేల్చారు. ఆ నాలుగో వంతులో 91 శాతం మందికి కారణం ఒక్కటే.. రక్తం ఆగకపోవడం.

ఆపరేషన్ సగంలో ఆపేస్తారు!

వినడానికి విచిత్రంగా ఉంటుంది కానీ యుద్ధ గాయాలు చూసే సర్జన్‌కి నేర్పే పెద్ద పాఠం ఇదే. సివిల్ హాస్పిటల్‌లో కడుపు ఆపరేషన్ అంటే మొదలుపెట్టి, అంతా సరిచేసి, కుట్లు వేసి ముగిస్తారు. బుల్లెట్ తగిలి ఒంట్లో రక్తం సగం పోయిన మనిషికి అలా మూడు నాలుగు గంటలు ఆపరేషన్ చేస్తే టేబుల్ మీదే పోవచ్చు. రక్తం పోయేకొద్దీ ఒళ్లు చల్లబడుతుంది. రోహిణి కార్తె ఎండలో పడి ఉన్నా సరే, చల్లబడుతుంది. చల్లబడితే రక్తం గడ్డకట్టదు. రక్తంలో యాసిడ్ పెరుగుతుంది. దాంతో ఇంకా గడ్డకట్టదు. ఈ మూడూ ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోతాయి.

అందుకే సర్జన్ కడుపు తెరిచి, కారుతున్న రక్తనాళాన్ని బిగిస్తాడు. లివర్ చుట్టూ గుడ్డలు కుక్కుతాడు. తెగిన పేగుల చివరలు మూసేస్తాడు. అంతే, అక్కడితో ఆపేస్తాడు. కడుపు పూర్తిగా మూయకుండా పైన తాత్కాలికంగా కప్పి ఐసీయూకి పంపేస్తాడు. ఒళ్లు వెచ్చబడి, రక్తం ఎక్కి, మనిషి నిలదొక్కుకున్నాక, ఒకటి రెండు రోజులకు మళ్లీ లోపలికి వెళ్లి మిగతా పని చేస్తారు. దీని పేరు డ్యామేజ్ కంట్రోల్ సర్జరీ. ఈ మాట నేవీది. సముద్రం మధ్యలో ఓడకు చిల్లు పడితే అక్కడే రిపేర్ పెట్టుకోరు కదా.. నీళ్లు రాకుండా ఆపి ముందు రేవుకి చేరుస్తారు.

ఇంకో విషయం కూడా ఇంట్లో వాళ్లని కంగారు పెడుతుంది. 'వీడియో కాల్‌లో చూశాం, గాయం తెరిచే ఉంది, కుట్లు కూడా వేయలేదేంటి' అని. బుల్లెట్, మందుపాతర పెంకులు ఒంట్లోకి ఒక్కటే వెళ్లవు. మట్టి, యూనిఫామ్ పీలికలు కూడా లాక్కెళ్తాయి. చూడగానే కుట్టేస్తే లోపల చీము పట్టి కాలే తీసేయాల్సి రావచ్చు. అందుకే చచ్చిన కండ కోసేసి, కడిగి, తెరిచే ఉంచుతారు. నాలుగైదు రోజుల తర్వాత శుభ్రంగా ఉంటే అప్పుడు కుడతారు. అది నిర్లక్ష్యం కాదు, పద్ధతే అది.

ఒకేసారి పదిమంది వస్తే ముందు ఎవరిని చూడాలి? హోదాను బట్టి కాదు, గాయాన్ని బట్టి అని గట్టిగా పట్టుబట్టింది నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా చేసిన లారీ. ఇవాళ్టికీ అదే రూల్. ఆఫీసర్ చెయ్యి విరిగి కూర్చుంటే, కడుపులో రక్తం కారుతున్న సిపాయే ముందు టేబుల్ ఎక్కుతాడు. శత్రువు సైనికుడికీ ఇదే వర్తిస్తుంది. 1971 యుద్ధంలో గూర్ఖా రైఫిల్స్ మేజర్ ఇయాన్ కార్డోజో మందుపాతర మీద కాలు వేశారు. మత్తు మందు అందుబాటులో లేక నుజ్జయిన కాలుని తన కుక్రీతో తానే తెగ్గొట్టుకున్నారు. ఆ తర్వాత ఆయనకు ఆపరేషన్ చేసింది ఎవరో తెలుసా? మన దగ్గర ఖైదీగా ఉన్న పాకిస్తాన్ ఆర్మీ సర్జన్, మేజర్ మహమ్మద్ బషీర్.

మన ఆర్మీ సర్జన్ల చరిత్రలో చెప్పుకోవాల్సిన పేరు 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. 1950లో కొరియా యుద్ధానికి ఐక్యరాజ్యసమితి పిలుపు మీద భారత్ సైన్యాన్ని పంపలేదు, ఈ వైద్య యూనిట్‌ని పంపింది. కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ ఏజీ రంగరాజ్. వెళ్లిన కొన్నాళ్లకే చైనా దళాలు విరుచుకుపడి అందరూ వెనక్కి పరుగెత్తాల్సి వచ్చింది. సామాన్లు వదిలేసి రమ్మంటే వీళ్లు ఒప్పుకోలేదు. ఆపరేషన్ సామాను లేని సర్జన్ యుద్ధంలో ఏం చేస్తాడు? ప్యాంగ్యాంగ్‌లో ఒక పాత స్టీమ్ ఇంజిన్ వెతికి పట్టుకుని, బకెట్లతో నీళ్లు పోసి, సామానంతా పెట్టెల్లో ఎక్కించి తామే నడుపుకుంటూ దక్షిణానికి వచ్చేశారు. 1951 మార్చి 23న అమెరికా పారాట్రూపర్లతో పాటు మున్సాన్ దగ్గర ఈ యూనిట్ టీమ్ విమానంలోంచి దూకింది. దిగిన చోటే ఆపరేషన్లు మొదలుపెట్టింది. రంగరాజ్‌కి మహావీర చక్ర వచ్చింది. ఒక్క సినిమాకి సరిపడా కథ ఉంది ఇందులో, ఎవరూ ఎందుకు తీయలేదో మరి.

సరే, మన పిల్లలకు దారి ఏది?

ముందుగా ఒక క్లారిటీ. మన సైన్యంలో ఈ పని చేసేది ఎక్కువగా జనరల్ సర్జన్లు, ఎముకల సర్జన్లే. కాబట్టి మొదటి మెట్టు ఎంబీబీఎస్.

మొదటి దారి పుణేలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ, అంటే ఏఎఫ్ఎంసీ. 1948లో పెట్టారు. మన దేశ విద్యార్థులకు ఏటా 145 సీట్లు. అందులో అబ్బాయిలకు 115, అమ్మాయిలకు 30. నీట్ రాయాలి, కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టాలి. షార్ట్‌లిస్ట్ అయితే పుణేలో ఇంగ్లీష్, లాజిక్ పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ టెస్ట్ ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు జాగ్రత్తపడాల్సింది ఆ ఇంగ్లీష్ పరీక్ష దగ్గరే. నీట్‌లో మంచి మార్కులు వచ్చినా అక్కడ జారిపోతే అంతే. ఫీజు భారం లేదు కానీ బాండ్ ఉంది. చదివాక సైన్యంలో పని చేయాల్సిందే. కాదంటే పెద్ద మొత్తం కట్టాలి. ఇది ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోవాల్సిన విషయం, సీటు వచ్చాక కాదు.

రెండో దారి చాలామంది పట్టించుకోనిది. శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీలోనో, 2023లో మొదలైన విజయనగరం మెడికల్ కాలేజీలోనో, నెల్లిమర్ల మిమ్స్‌లోనో చదివినవాళ్లు కూడా షార్ట్ సర్వీస్ కమిషన్‌కి అప్లై చేయొచ్చు. మామూలుగా ఎంబీబీఎస్ వాళ్లకు 30 ఏళ్ల లోపు, పీజీ చేసినవాళ్లకు 35 ఏళ్ల లోపు వయసు ఉండాలి. ముందు 5 ఏళ్లు, పొడిగిస్తే గరిష్టంగా 14 ఏళ్లు. నోటిఫికేషన్‌లో మార్పులు ఉంటాయి కాబట్టి ఆ ఏడాది వచ్చింది చదివే అప్లై చేయాలి.

విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి ఉంది. గల్వాన్‌లో 2020 జూన్ 15న అమరుడైన కల్నల్ సంతోష్ బాబు అక్కడి విద్యార్థే. ఆ స్కూల్ అనగానే అందరికీ ఎన్‌డీఏ గుర్తొస్తుంది గానీ, ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లలకు ఆర్మీలో దారి మూసుకుపోలేదన్న మాట ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇంకా పెద్దగా వినపడదు.

చదువు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. తర్వాత లక్నోలోని ఆర్మీ మెడికల్ కోర్ సెంటర్‌లో ట్రైనింగ్. డ్రిల్లు, ఆయుధం, మ్యాప్ చూడటం, యుద్ధంలో క్షతగాత్రులను తరలించడం.. అప్పుడు యూనిట్ పోస్టింగ్. ఇక్కడ కుర్ర డాక్టర్ల ఆశ చల్లబడుతుంది. ఎందుకంటే సర్జరీ ఉండదు. తాగునీరు బాగుందా, వంటశాల శుభ్రంగా ఉందా, లెట్రిన్లు ఎక్కడ తవ్వించారు, ఎవరికి జ్వరం, ఎవరికి పాము కుట్టింది.. ఇదే రోజువారీ పని. సియాచిన్ లాంటి చోట అయితే మంచుకి వేళ్లు నల్లబడటం, ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. జవాన్లతో పాటు నడవాలి, వాళ్లు తిన్నదే తినాలి.

ఆ తర్వాతే పీజీ. ఎంఎస్ సర్జరీ మూడేళ్లు. గ్రేడెడ్ స్పెషలిస్ట్ అవుతారు, ఇంకొన్నేళ్లకు క్లాసిఫైడ్ స్పెషలిస్ట్. లెక్క వేస్తే మొదటిసారి సొంతంగా గాయాల కేసు చేపట్టేసరికి వయసు 30 దాటుతుంది. తోటి డాక్టర్లు టౌన్‌లో సొంత నర్సింగ్ హోమ్ కట్టేసి ఉంటారు. రెండు మూడేళ్లకోసారి బదిలీ, పిల్లలకు కొత్త స్కూలు, భార్య ఉద్యోగం ఒక చోట, తను ఒక చోట. పోస్టర్లలో కనిపించని ఖర్చు ఇది.

ఇంకో చిక్కు ఉంది. శాంతి ఉన్న రోజుల్లో ఈ సర్జన్ చేసేది హెర్నియా, అపెండిక్స్, గాల్ బ్లాడర్. బుల్లెట్ గాయాలు లేకపోవడం దేశానికి మంచిదే, కానీ చెయ్యి మొద్దుబారకూడదు. అందుకే చాలా దేశాల్లో ఆర్మీ సర్జన్లను పెద్ద సిటీల ట్రామా సెంటర్లకు పంపుతారు. రోడ్డు ప్రమాదంలో నలిగిన లివర్‌కి, పేలుడులో నలిగిన లివర్‌కి రక్తం ఆపే సూత్రం ఒకటే కాబట్టి.

ఆ సూత్రం మన దగ్గరా పనికొస్తుంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాటేదాకా ఎన్‌హెచ్-16 ఈ రెండు జిల్లాల మీదుగానే పోతుంది. యాక్సిడెంట్ చూస్తే 108కి ఫోన్ చేసి, రక్తం కారే చోట శుభ్రమైన తువ్వాలు మడతపెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. పసుపు, కాఫీ పొడి లాంటివి అద్దొద్దు. తువ్వాలు తడిసిపోతే తీయకుండా పైన ఇంకోటి వేయండి. ఆగిందో లేదో చూద్దామని మధ్యమధ్యలో ఎత్తి చూడొద్దు. అలా ఎత్తినప్పుడే అప్పుడప్పుడే కట్టిన గడ్డ ఊడి రక్తం మళ్లీ మొదలవుతుంది. గాయపడిన మనిషి మీద దుప్పటి కప్పండి, మిట్టమధ్యాహ్నం అయినా సరే. అంబులెన్స్ వాళ్లు వచ్చి తమ చెయ్యి పెట్టేదాకా మీ చెయ్యి తీయొద్దు.