అంటుకుపోయిన మీట, కోత పడిన కూలి

పెళ్లి ఊరేగింపులో క్లారినెట్ మాస్టర్ పై స్థాయి నుంచి కిందికి దిగబోతాడు. స్వరం దిగదు, కీచుమంటుంది. డ్రమ్ములు, ట్రంపెట్లు ఆగవు కాబట్టి ఆ తడబాటు వీధంతా వినిపిస్తుంది. ‘తాగొచ్చాడు’ అని ఎవరో ఒకరు అననే అంటారు. మాట్లాడుకున్న డబ్బులో కోత పెట్టడానికి ఆ ఒక్క కీచు చాలు. జరిగింది మాత్రం వేరు. ఎడమ చేతి బొటనవేలు తీసేసినా, దాని కింద ఉండే రిజిస్టర్ మీట వెనక్కి వెళ్లి రంధ్రాన్ని మూయలేదు. అది తెరిచి ఉన్నంతసేపు ఏ మనిషి ఊదినా కింది స్వరాలు సరిగా పలకవు.

బ్యాండ్ మేళాల మీద పరిశోధన చేస్తున్నప్పుడు నాకు ఎక్కువగా వినబడిన ఫిర్యాదు ఇదే, ‘కీ పట్టేసింది’. ఈ ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు జబ్బులున్నాయి. మందు కూడా వేర్వేరే. అవి తెలిసిన పెద్ద మాస్టర్లు నోటిమాటగా శిష్యులకు చెప్పారు తప్ప తెలుగులో రాసిపెట్టిన వాళ్లు నాకు కనబడలేదు.

ముందు మీటల స్వభావం తెలియాలి. కొన్ని మీటలు మామూలుగా రంధ్రాన్ని మూసి ఉంచుతాయి, నొక్కితే తెరుస్తాయి. రిజిస్టర్ మీట, క్లారినెట్ పైభాగంలోని ఏ, జి షార్ప్ మీటలు ఈ రకం. ఇంకొన్ని తెరిచే ఉంటాయి, నొక్కితే మూస్తాయి. కుడి చిటికెనవేలి కింద పెద్ద మూతలున్నవి చాలావరకు ఇవే. మొదటి రకంలో వేలి బలమే మూతను లేపుతుంది కాబట్టి ప్యాడ్ కాస్త అంటుకున్నా ‘టప్’మని చప్పుడు చేసి తెరుచుకుంటుంది. రెండో రకంలో వేలు తీశాక మూతను లేపాల్సింది స్ప్రింగ్ ఒక్కటే. దానికి అంత బలం ఉండదు. అందుకే అక్కడ ప్యాడ్ అంటుకుంటే స్వరం అక్కడే ఆగిపోతుంది.

శాక్సోఫోన్‌లో జి షార్ప్ మీట మరీ పేరుమోసింది. అక్కడ చిటికెనవేలు మూతను నేరుగా లేపదు. మూతను అదిమిపెట్టిన చేతిని పక్కకు తప్పిస్తుంది, అంతే. లేవాల్సింది మూతే, అదీ చిన్న స్ప్రింగ్ బలంతో. ఆ మీట కొన్నాళ్లు వాడకుండా వదిలేస్తే చాలు, అతుక్కుంటుంది.

ఇక పరీక్ష. మీటను నిదానంగా నొక్కి వదలండి. మూత లేచే క్షణంలో మాత్రమే ఆగి, చిన్న చప్పుడుతో విడిపోతే తప్పు ప్యాడ్‌దే. దారి పొడుగునా బద్ధకంగా కదిలితే తప్పు స్ప్రింగ్‌లోనో ఇరుసులోనో ఉంది. ఆ రెంటిలో ఏదో తేల్చడానికి సూదిలాంటి స్ప్రింగ్‌ను క్రోషియా సూదితో దాని గాడి నుంచి మెల్లగా తప్పించండి. ఇప్పుడు వాద్యాన్ని అటూ ఇటూ వంచితే మీట తన బరువుకే ఊగాలి. ఊగితే ఇరుసు బాగుంది, స్ప్రింగ్ నీరసించింది. ఊగకపోతే ఇరుసు వంగింది, లేదా జిడ్డు గడ్డకట్టింది, లేదా స్క్రూ మరీ బిగిసింది. రిజిస్టర్ మీటకు ఉండేది రేకు స్ప్రింగ్. దాన్ని చూడాలంటే ఇరుసు స్క్రూ తీసి మీటను బయటికి తేవాలి.

ప్యాడ్ సంగతి కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే కులం కూడా అక్కడే ఉంది. 1812లో ఇవాన్ ముల్లర్ పారిస్‌లో పదమూడు మీటల క్లారినెట్ చూపించినప్పుడు అందులోని కొత్త సంగతుల్లో ఒకటి, తోలు కప్పి లోపల మెత్త కూరిన ప్యాడ్. శాక్సోఫోన్‌కు నేటికీ తోలు ప్యాడ్లే. క్లారినెట్ ప్యాడ్లకు ఫెల్ట్ మీద సన్నని జంతుపొర చుట్టడం రివాజు. డప్పుకు తోలు, ఊదే వాద్యానికి తోలు, దాని మీద ఎంగిలి. ఈ రెంటినీ మైల అన్న ఊరే తన శుభకార్యానికి వీటిని ఊదేవాళ్లను పిలుచుకుంటుంది. గ్రెగరీ బూత్ 2005లో ప్రచురించిన ‘బ్రాస్ బాజా’ చదివితే, దేశమంతటా పెళ్లి బ్యాండ్లలో కింది కులాలవాళ్లు, ముస్లింలు ఎందుకు ఎక్కువో తెలుస్తుంది. మన దగ్గర మాల, మాదిగ ఇళ్లలో ఆ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు.

నిజానికి గొట్టంలో చేరే నీటిలో ఎక్కువ భాగం ఎంగిలి కాదు. వెచ్చని ఊపిరి చల్లని గోడను తాకి నీరవుతుంది. వట్టి నీరు ఆరిపోతే పెద్దగా అంటదు. అంటించేది చక్కెర. పాటకూ పాటకూ మధ్య తాగే టీ, కూల్‌డ్రింక్, నోట్లో వేసుకున్న లడ్డు ముక్క ఊపిరితో పాటు లోపలికి వెళ్లి రంధ్రం అంచున పాకంలా ఆరిపోతాయి. నేను తిరిగిన ఊళ్లలో మంచినీళ్లు అడిగిన బ్యాండ్ వాళ్లకు కూల్‌డ్రింక్ సీసాలు ఇవ్వడం చాలాసార్లు చూశాను. అది మర్యాదేనని అనుకోవచ్చు. ఇంట్లో గ్లాసు బయటికి తీసే పని తప్పుతుందన్నది నా అనుమానం. భోజనం అందరూ తిన్నాక చివర్లో పెడతారు. అప్పటిదాకా కడుపులో పడేది ఆ తీపి నీళ్లే. ఆ తరువాత మీట అంటుకుంటే తప్పు ఊదేవాడిది!

అంటుకున్న ప్యాడ్ కింద సిగరెట్ చుట్టే కాగితం పెట్టి, దాని జిగురు అంచు ముందే చింపేసి, మూతను మెత్తగా అదమండి. మూత లేచాకే కాగితం తీయాలి. మూసి ఉంచి లాగితే జంతుపొర చిరుగుతుంది, అప్పుడు గాలి కారుతుంది. పాకం మొండికేస్తే కాటన్ పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపి, ప్యాడ్‌ను కాకుండా రంధ్రం అంచును తుడవాలి. కొందరు శాక్సోఫోన్ వాళ్లు ఊరేగింపులో చదివించిన పది రూపాయల నోటునే వాడతారు. మన నోటు కాగితం పత్తితో చేసింది, గట్టిది. తోలు ప్యాడ్‌కు అది నడుస్తుంది, క్లారినెట్ పొరకు మాత్రం గరుకు. ముఖానికి రాసే పౌడర్ చల్లడం వద్దు. ఆ పూటకు పని జరుగుతుంది, మర్నాడు తేమతో కలిసి పేస్టవుతుంది.

ఇరుసుకు కొబ్బరినూనె వేసే అలవాటు చాలామందికి ఉంది. అది దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మాఘమాసం తెల్లవారుజాము ముహూర్తానికి మీటలు బరువెక్కడానికి సగం కారణం ఇదే. పైగా దుమ్మును పట్టి పెట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె సూది మొనతో ఒక్క చుక్క చాలు, ప్యాడ్‌కు తగలకూడదు. పాత నూనె గడ్డకట్టి ఉంటే ముందు ఇరుసు తీసి తుడవాలి. దాని మీదే కొత్త నూనె పోస్తే లాభం లేదు.

వానాకాలంలో చెక్క క్లారినెట్ మరో కష్టం తెస్తుంది. చెక్క తేమకు ఉబ్బి, మీటను పట్టుకున్న పోస్టుల మధ్య ఎడం మారి ఇరుసు బిగుసుకుంటుంది. స్క్రూ పావు చుట్టు వదులు చేసి చూడండి. చెక్కను ఎండలో పెట్టి ఆరబెట్టవద్దు, పగులుతుంది. ఊదడం అయ్యాక గొట్టంలోంచి గుడ్డ లాగి తుడవడమే మేలు. ప్లాస్టిక్, ఎబొనైట్ వాద్యాలకు ఈ బాధ లేదు. వేడి బాధ అన్నిటికీ ఉంది. ప్యాడ్‌ను మూతకు అంటించేది లక్క. ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో పెట్టె వదిలేస్తే లక్క మెత్తబడి ప్యాడ్ పక్కకు ఒరుగుతుంది. అప్పుడు మీట బాగానే కదులుతుంది, స్వరమే సన్నగా పోతుంది. దాన్ని అంటుకోవడం అనుకుని స్ప్రింగ్‌ను వంచిన వాళ్లున్నారు. నీలి సూది స్ప్రింగ్‌ను ఒకటి రెండు సార్లకు మించి వంచితే విరుగుతుంది. విరిగితే పాటల మధ్య చేయగలిగింది సన్న రబ్బరు బ్యాండు చుట్టడం ఒక్కటే. అది ఆ రాత్రికి సరిపోతుంది. మర్నాడు రిపేరు తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఆ రోజు కూలి పోతుంది కాబట్టి, బేరం మాట్లాడేటప్పుడే మంచినీళ్ల బిందె, ముందు భోజనం, నీడలో పెట్టె పెట్టుకునే చోటు అడిగి రాయించుకునే మేళాలు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నాయి.